కౌబాయ్ యాక్షన్ షూటింగ్: మొదటి మ్యాచ్‌కి తుపాకులు, తూటాలు, నియమాలు సిద్ధం చేసుకునే పద్ధతి

నేను టెక్సాస్‌లో నెలనెలా కౌబాయ్ మ్యాచ్‌లకి, అంటే పాతకాలం కౌబాయ్‌ల వేషంలో, వాళ్ళ కాలం నాటి తుపాకులతో, టైమర్ పెట్టి ఉక్కు టార్గెట్లని కాల్చే పోటీలకి వెళ్తానని తెలిసిన మనవాళ్ళు ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఏ తుపాకి కొనాలి?" నా జవాబు కూడా ఎప్పుడూ ఒకటే. తుపాకి ఆఖర్న. ముందు చట్టం చూసుకోవాలి, తర్వాత నియమాలు నేర్చుకోవాలి, ఆ తర్వాత ఒక మ్యాచ్ చూడాలి. అప్పుడే కొనడం.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను, ఎందుకంటే కింద రాసిందంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఈ ఆటలో కొత్తవాళ్ళు సెకన్లు పోగొట్టుకునేది కాల్చేటప్పుడు కాదు, కాల్చిన తుపాకిని కింద పెట్టేటప్పుడు. టార్గెట్లు పెద్దవి, దగ్గరగా ఉంటాయి, తగిలించడం అంత కష్టం కాదు. ఖాళీ చేశామో లేదో చూడకుండా రైఫిల్ బల్ల మీద పెట్టేసి పక్కకి పరిగెత్తడంలోనే అసలు చిక్కంతా ఉంది.

ఇక్కడ చెప్పేవి సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ నియమాలు. అందరూ దాన్ని "శాస్" అంటారు. రూల్‌బుక్‌ని అప్పుడప్పుడు సవరిస్తుంటారు కాబట్టి మ్యాచ్‌కి ముందు తాజా ప్రతి ఒకసారి చదవండి. మీ క్లబ్‌కి సొంత రేంజ్ (కాల్చే మైదానం) నియమాలు ఉంటే అవి కూడా కనుక్కోండి.

1. ముందు మీ వీసా స్టేటస్ చూసుకోండి

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకి ఇది అన్నిటికంటే ముఖ్యం. నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు, అంటే ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4, బి-2 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు, తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం మామూలుగా నిషేధిస్తుంది. కొన్ని మినహాయింపులున్నాయి. ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన వేట లైసెన్స్ చేతిలో ఉండటం వాటిలో ఒకటి.

"కొనను, స్నేహితుడిది ఒక్కసారి పట్టుకుని కాలుస్తాను" అన్నా కుదరదు. చేతిలోకి తీసుకోవడం కూడా ఆ నిషేధం కిందికే రావచ్చు. ఇండియా నుంచి వచ్చిన నాన్నగారి చేతికి తుపాకి ఇచ్చి ఫోటో తీద్దామనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళద్దాలూ ఇయర్‌మఫ్‌లూ ఇచ్చి చూడమనండి. చాలు.

గ్రీన్ కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్ళకి ఈ అడ్డంకి లేదు. అయినా రాష్ట్రాన్ని బట్టి కొనుగోలు, రవాణా నియమాలు మారతాయి. వీసా మీద ఉండి మినహాయింపు వర్తిస్తుందేమో అనుకుంటే, రేంజ్‌లో తోటివాళ్ళని కాదు, ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. ఒక శనివారం సరదా కోసం గ్రీన్ కార్డు ఫైలు మీదకి తెచ్చుకోవద్దు.

2. తుపాకి లేకుండా ఒక మ్యాచ్ చూసి రండి

దగ్గర్లోని శాస్ అనుబంధ క్లబ్‌కి ముందుగా మెయిల్ పెట్టి, కొత్తగా చూడటానికి వస్తున్నామని చెప్పండి. కళ్ళద్దాలు తప్పనిసరి, చూడటానికి వచ్చినవాళ్ళకి కూడా. చెవులకి రక్షణ కూడా పెట్టుకోండి.

అక్కడ వేగంగా కాల్చేవాళ్ళని చూసి మురిసిపోకండి. చూడాల్సినవి వేరు:

- లోడింగ్ టేబుల్ దగ్గర ఎవరు ఏ వరసలో తూటాలు ఎక్కిస్తున్నారు
- రైఫిల్ ఖాళీ అయ్యాక ఎలా కింద పెడుతున్నారు
- రివాల్వర్ హోల్‌స్టర్‌లోకి, అంటే నడుముకి వేలాడే తోలు ఒరలోకి, వెళ్ళేటప్పుడు వాళ్ళ కళ్ళు ఎటు చూస్తున్నాయి
- టైమర్ పట్టుకున్న మనిషి ఎప్పుడు, ఏమని అరుస్తున్నాడు

మామూలు నెలవారీ మ్యాచ్‌లో ఐదారు స్టేజ్‌లు ఉంటాయి. స్టేజ్ అంటే చెప్పిన వరసలో టార్గెట్లు కాల్చే ఒక రౌండు. షూటర్లని పోసీలు అనే బృందాలుగా విడగొడతారు. మీ వంతు కానప్పుడు పోసీలో ఏదో ఒక పని చెయ్యాలి: కాల్చిన తూటా గొట్టాలు ఏరడం, టార్గెట్లు నిలబెట్టడం, స్కోరు రాయడం. చూడటానికి వెళ్ళిన రోజే ఇత్తడి గొట్టాలు ఏరడానికి వంగండి. మధ్యాహ్నానికల్లా ఎవరో ఒకరు తమ తుపాకులు చూపించి వివరంగా చెప్తారు. నాకు అలాగే జరిగింది.

3. నాలుగు తుపాకులు: ఏవి చెల్లుతాయి

ఒక్కో షూటర్‌కి రెండు సింగిల్ యాక్షన్ రివాల్వర్లు, ఒక రైఫిల్, ఒక షాట్‌గన్ కావాలి.

*రివాల్వర్లు.* ప్రతిసారీ బొటనవేలితో హ్యామర్ (తూటాని వెనక నుంచి కొట్టి పేల్చే సుత్తి) వెనక్కి లాగితేనే పేలే రకం. మెయిన్ మ్యాచ్‌లో .32 కాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు) లేదా అంతకంటే పెద్దది. రూగర్ వాకేరో, ఉబెర్టీ చేసే పాత కోల్ట్ నకళ్ళు ఎక్కువగా కనిపిస్తాయి. ఫైబర్ ఆప్టిక్ సైట్లు, రబ్బరు గ్రిప్పులు చెల్లవు.

*రైఫిల్.* హ్యామర్ బయటికి కనిపించే లివర్ (ట్రిగ్గర్ కింది మీట లాగే) లేదా పంప్ (గొట్టం కింది పట్టు వెనక్కీ ముందుకీ జరిపే) రైఫిల్, 1860 నుంచి 1899 మధ్య మోడల్ లేదా దాని నకలు. పిస్టల్ కాలిబర్‌లో ఉండాలి: కనీసం .25-20, గరిష్ఠం .45. వించెస్టర్ 1866, 1873, 1892 నకళ్ళు, మార్లిన్ 1894 ఈ కోవలోవి. వేటకి వాడే .30-30 లివర్ రైఫిల్ ఇంట్లో ఉందని తెస్తే మెయిన్ మ్యాచ్‌లో ఒప్పుకోరు. పది తూటాలు పట్టాలి.

*షాట్‌గన్.* ఒకేసారి చాలా చిన్న గుళ్ళు చిమ్మే తుపాకి. గేజ్ (గొట్టం కొలత) 10 నుంచి 20 మధ్య. ఎక్కువగా కనిపించేవి మూడు రకాలు: రెండు గొట్టాలు పక్కపక్కనే ఉండేది, లివర్‌తో నడిచే 1887 మోడల్, పంప్‌తో నడిచే 1897 మోడల్. రెండు గొట్టాల తుపాకిలో ఆటోమేటిక్ ఎజెక్టర్ ఉండకూడదు, ఖాళీ షెల్స్ (షాట్‌గన్ తూటాలు) మీ చేత్తోనో తుపాకిని విదిలించో బయటికి తియ్యాలి. లివర్, పంప్ తుపాకుల్లో ఒకేసారి రెండు షెల్స్‌కి మించి ఎక్కించకూడదు.

కొనే వరస గురించి నా సలహా: రైఫిల్, రెండు రివాల్వర్లు ఒకే కాలిబర్‌లో తీసుకోండి. .357 తుపాకిలో .38 స్పెషల్ తూటా పనిచేస్తుంది, కొత్తవాళ్ళకి అదే మంచిది. కుదుపు తక్కువ, ఖర్చు తక్కువ. పైగా లోడింగ్ టేబుల్ దగ్గర టెన్షన్‌లో ఒక డబ్బాలోని తూటా ఇంకో తుపాకిలోకి వెళ్ళే ప్రమాదం ఉండదు. .45 కోల్ట్ పట్టుకుంటే చేతికి నిండుగా ఉంటుంది, నిజమే. ఏడాది ఆగండి.

షాట్‌గన్ మాత్రం రెండు గొట్టాలదే మొదట తీసుకోండి. తెరిచి చూస్తే ఖాళీనో కాదో కంటికే తెలిసిపోతుంది. 1897 పంప్ వేగంగానే ఉంటుంది గానీ అరువు తెచ్చుకుని ఆడే తుపాకి కాదు, దాని అలవాట్లు దానికి ఉంటాయి.

4. తూటాలు: కొనేముందు డబ్బా మీద చదవాల్సినవి

చాలామంది మొదటి తప్పు ఇక్కడే చేస్తారు. రేంజ్‌లో మామూలుగా వాడే తూటాల డబ్బా తీసుకొచ్చేస్తారు, అవి రాగి పూత ఉన్నవి. ఈ ఆటలో చెల్లవు.

- రివాల్వర్, రైఫిల్‌కి సీసపు బుల్లెట్లే (బుల్లెట్ అంటే తూటా ముందు నుంచి దూసుకెళ్ళే గుండు). రాగి తొడుగు, రాగి పూత ఏదీ ఉండకూడదు.
- రివాల్వర్‌లో బుల్లెట్ వేగం సెకనుకి 1000 అడుగులు మించకూడదు. రైఫిల్‌లో 1400.
- కనీస వేగం సెకనుకి 400 అడుగులు, కనీస పవర్ ఫ్యాక్టర్ 60.
- షాట్‌గన్‌లో నంబర్ 4 లేదా అంతకంటే సన్నని సీసపు బర్డ్‌షాట్ (చిన్న గుళ్ళు). స్టీల్ షాట్, మాగ్నమ్, హై వెలాసిటీ షెల్స్ వద్దు.

పవర్ ఫ్యాక్టర్ లెక్క సులభం. బుల్లెట్ బరువు గ్రెయిన్లలో తీసుకుని, సెకనుకి అడుగుల్లో వేగంతో గుణించి, 1000తో భాగించండి. 125 గ్రెయిన్ల బుల్లెట్ 700 అడుగుల వేగంతో వెళ్తే 87.5. నిక్షేపంగా సరిపోతుంది. 105 గ్రెయిన్లది 600 అడుగులకి 63, అంచున ఉంది. చలిలో పౌడర్ కాస్త నెమ్మదించినా కిందికి జారిపోవచ్చు.

సీసమే ఎందుకంటే, టార్గెట్లన్నీ ఉక్కు పలకలు. రివాల్వర్ టార్గెట్లు మామూలుగా 7 నుంచి 10 గజాల దూరంలోనే ఉంటాయి. అంత దగ్గర్లో సీసం చితికి చెల్లాచెదురవుతుంది. రాగి తొడుగైతే ముక్క విడిపోయి వెనక్కి వచ్చే అవకాశం ఎక్కువ. కళ్ళద్దాల మీద ఆ రవ్వ "టిక్" మని తగిలిన చప్పుడు ఒక్కసారి వింటే ఈ నియమం మళ్ళీ ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేదు.

రైఫిల్ తూటాల బుల్లెట్ ముక్కు చదునుగా ఉండేట్టు చూసుకోండి. గొట్టపు మ్యాగజైన్‌లో ఒక తూటా ముక్కు ముందున్న తూటా ప్రైమర్‌కి (దెబ్బ తగిలితే అంటుకునే వెనక బిళ్ళకి) ఆనుకుని ఉంటుంది. మొన దేలిన బుల్లెట్ అక్కడ ప్రమాదం. 1873 రకం రైఫిల్ తూటా పొడవు విషయంలోనూ పట్టింపు మనిషి. పొడవెక్కువైతే మధ్యలో ఇరుక్కుంటుంది. కాబట్టి డబ్బాలు డబ్బాలుగా కొనేముందు ఒక డబ్బా కొని, మీ రైఫిల్‌లో పదేసి ఎక్కించి చూసుకోండి.

షాట్‌గన్ షెల్స్‌లో ప్లాస్టిక్ పక్కలు నున్నగా ఉండేవి కొనండి. గీతలు గీతలుగా ఉన్నవి పేలాక గొట్టంలో బిగుసుకుని చేతికి రావు.

ఆరు స్టేజ్‌ల మ్యాచ్‌కి ఎన్ని? స్టేజ్‌కి మామూలుగా రివాల్వర్లకి 10, రైఫిల్‌కి 10, షాట్‌గన్‌కి నాలుగు లేదా ఆపైన. అంటే .38 తూటాలు 120, షెల్స్ 24 కనీసం. నేను 150, 50 తీసుకెళ్తాను. షాట్‌గన్ టార్గెట్ పడకపోతే, పడేదాకా మళ్ళీ కాల్చొచ్చు, అందుకని షెల్స్ ఎక్కువ ఉండాలి.

5. బెల్టు, హోల్‌స్టర్లు, బట్టలు

హోల్‌స్టర్‌కి కొలత ఉంది. తుపాకి గొట్టం నిలువు నుంచి 30 డిగ్రీలకి మించి వాలకూడదు. రెండు హోల్‌స్టర్లు బొడ్డుకి చెరో పక్కన, మధ్యలో కనీసం రెండు పిడికిళ్ళ ఎడం ఉండాలి. షాట్‌గన్ బెల్టు మీద ఒక్కో లూప్‌లో రెండు షెల్స్‌కి మించి పట్టకూడదు.

రెండో రివాల్వర్‌ని ఎడమ పక్కన అడ్డంగా పెట్టి కుడి చేత్తో తీసే క్రాస్‌డ్రా పద్ధతి ఉంది. కొత్తవాళ్ళకి దాన్ని నేను సిఫారసు చెయ్యను. తీసేటప్పుడు నడుము తిప్పకపోతే తుపాకి మూతి పక్కనున్నవాళ్ళ వైపు ఊడుస్తుంది. రెండు పక్కలా నిటారుగా వేలాడే హోల్‌స్టర్లతో మొదలుపెట్టండి.

బట్టల గురించి అనవసరంగా కంగారు పడతారు. కాటన్ ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా, తోలు బూట్లు, కౌబాయ్ టోపీ ఉంటే మొదటి మ్యాచ్ గడిచిపోతుంది. వద్దన్నవి: మగవాళ్ళకి పొట్టి చేతుల చొక్కా, టీషర్టు, బేస్‌బాల్ టోపీ, స్పోర్ట్స్ షూ, ఆధునిక షూటింగ్ గ్లవ్స్, నైలాన్, ప్లాస్టిక్, వెల్క్రో సామాన్లు.

మారుపేరు కూడా కావాలి. శాస్ సభ్యులైతే అది రిజిస్టర్ అవుతుంది, ఇంకొకరికి ఉన్నది మీకు ఇవ్వరు. తెలుగు పేరు పెట్టుకోవాలనుకుంటే, స్కోరు చదివే అమెరికన్ నోటికి తిరిగేది ఎంచుకోండి.

6. ఏ కేటగిరీలో ఆడాలి

మీ వయసు కేటగిరీలో, రెండు చేతులతో రివాల్వర్ పట్టుకుని ఆడండి. 36 నిండితే రాంగ్లర్, 49 నిండితే ఫార్టీ నైనర్, 60 నిండితే సీనియర్. వయసుతో పనిలేని కౌబాయ్ కేటగిరీ కూడా ఉంది.

ఒంటిచేత్తో కాల్చే డ్యూయలిస్ట్, చెరో చేతిలో ఒకటి పట్టే గన్‌ఫైటర్, పాతకాలం బ్లాక్ పౌడర్ (నల్ల తుపాకి మందు) వాడే ఫ్రాంటియర్ కార్ట్‌రిడ్జ్ తర్వాతి సంగతి.

7. లోడింగ్ టేబుల్: ఇక్కడ తొందర పనికిరాదు

స్టేజ్‌కి ముందు తూటాలు ఎక్కించే బల్ల ఇది. తుపాకి మూతులన్నీ రేంజ్ వైపే ఉండాలి. హ్యామర్ ఊరికే లాగి వదలడం ఇక్కడ చెయ్యకూడదు.

*మెట్టు 1. రైఫిల్.* స్టేజ్‌కి చెప్పినన్ని తూటాలు ముందు బల్ల మీద వరసగా నిలబెట్టి లెక్కపెట్టండి, తర్వాతే ఎక్కించండి. పది నిలబెట్టారా, పదీ లోపలికి వెళ్ళాయా, బల్ల ఖాళీ అయిందా. చాంబర్‌లోకి (గొట్టం వెనక, తూటా పేలే గదిలోకి) తూటా పంపకూడదు. లివర్ మూసి, హ్యామర్ దించి ఉంచాలి.

*మెట్టు 2. రివాల్వర్లు.* ఆరు గదులున్నా ఐదే ఎక్కించాలి. హ్యామర్ కింద ఖాళీ గది రావాలి. తుపాకిలో ట్రాన్స్‌ఫర్ బార్ లాంటి ఆధునిక రక్షణ ఉన్నా ఈ నియమం మారదు. వరస ఇది:

1. పాత కోల్ట్ రకమైతే హ్యామర్‌ని సగం లాగి పక్క మూత తెరవండి. వాకేరో అయితే మూత తెరిస్తే చాలు.
2. ఒకటి ఎక్కించండి.
3. ఒక గది వదిలెయ్యండి.
4. వరసగా నాలుగు ఎక్కించండి.
5. మూత మూసి, హ్యామర్ పూర్తిగా వెనక్కి లాగి, బొటనవేలితో పట్టుకుని నెమ్మదిగా దించండి.

ఇలా చేస్తే వదిలేసిన గది సరిగ్గా హ్యామర్ కిందికి వస్తుంది. తర్వాత తుపాకిని పక్క నుంచి వెలుతురుకి పెట్టి చూడండి. సిలిండర్‌కీ వెనక ఫ్రేమ్‌కీ మధ్య సన్నటి సందులో ఇత్తడి అంచులు కనిపిస్తాయి. హ్యామర్ దగ్గర మాత్రం అంచు ఉండకూడదు.

నా రెండో మ్యాచ్‌లో పక్కవాళ్ళతో మాట్లాడుతూ ఒకటి, వదులు, నాలుగులో ఆ "వదులు" మర్చిపోయాను. బల్ల దగ్గరున్న పెద్దాయన నా రివాల్వర్‌ని పక్క నుంచి చూసి, ఏమీ అనకుండా వేలితో హ్యామర్ కింద తళుక్కుమంటున్న ఇత్తడి అంచు చూపించాడు. బల్ల దగ్గరే సరిచేసుకున్నాను కాబట్టి పెనాల్టీ లేదు. అదే హోల్‌స్టర్‌లో పెట్టుకుని ఫైరింగ్ లైన్ దాకా వెళ్ళి ఉంటే ఆ స్టేజ్ నుంచి తీసేసేవాళ్ళు. అప్పటి నుంచి తూటాలు ఎక్కించేటప్పుడు ఎవరు పలకరించినా జవాబు చెప్పను. అక్కడ ఎవరూ ఏమీ అనుకోరు.

*మెట్టు 3. షాట్‌గన్.* ఖాళీగా, తెరిచి. షెల్స్ బెల్టులో. టైమర్ మోగాకే ఎక్కించాలి.

8. ఫైరింగ్ లైన్: ఒక స్టేజ్ మొదటి నుంచి చివరిదాకా

ఉదాహరణకి ఒక స్టేజ్ అనుకుందాం. ఎడమ బల్ల మీద రైఫిల్, కుడి బల్ల మీద షాట్‌గన్. రైఫిల్ 10, రివాల్వర్లు ఐదూ ఐదు, షాట్‌గన్ నాలుగు. మూడు టార్గెట్ల మీద ప్రతి రివాల్వర్‌తోనూ 1-2-3-2-1.

*టైమర్‌కి ముందు.* మీ వంతుకి ఇద్దరు ముందు ఉండగానే స్టేజ్ వరసని మనసులో మూడుసార్లు నడవండి. టైమర్ ఆపరేటర్ మీకు అర్థమైందా అని అడుగుతాడు. అర్థం కాకపోతే అప్పుడే అడగాలి. తర్వాత "షూటర్ రెడీ?" అంటాడు, "స్టాండ్ బై" అంటాడు, బీప్ మోగుతుంది.

*రైఫిల్.* పది కాల్చాక లివర్ ఇంకోసారి పూర్తిగా కిందికి లాగి, లోపలికి చూడండి. చాంబర్‌లో, కింద క్యారియర్‌లో (తూటాని చాంబర్ దాకా ఎత్తే భాగంలో) ఇత్తడి లేదని కళ్ళతో చూశాకే, లివర్ తెరిచి ఉండగానే, మూతి రేంజ్ వైపు పెట్టి బల్ల మీద పడుకోబెట్టండి.

నేను మూడో మ్యాచ్‌లో ఈ ఒక్క చూపు మానేశాను. తొమ్మిది కాల్చి పది అనుకున్నాను. పదోది క్యారియర్‌లో ఉండిపోయింది. కాల్చని తూటాకి 5, తుపాకిలో తూటా వదిలినందుకు 10, మొత్తం 15 సెకన్లు. ఆ చూపుకి పట్టేది అర సెకను. తూటా క్యారియర్‌లో కాక చాంబర్‌లోనే ఉండి ఉంటే స్టేజ్ మొత్తం పోయేది.

*రివాల్వర్లు.* ఒకటి తీసి, ఐదు కాల్చి, హోల్‌స్టర్‌లో పెట్టాకే రెండోది. చూపు టార్గెట్ నుంచి తీసి హోల్‌స్టర్ మీద పెట్టండి, తుపాకి తోలులో కూర్చునేదాకా అక్కడే ఉంచండి. హ్యామర్ ఒకసారి లాగితే ఆ తూటా కాల్చాల్సిందే. లాగిన హ్యామర్‌ని మీ అంతట మీరు దించకూడదు. హ్యామర్ లాగిన రివాల్వర్‌తో ఒక చోటు నుంచి ఇంకో చోటుకి నడవకూడదు.

*షాట్‌గన్.* రెండు ఎక్కించి, రెండు కాల్చి, తెరిచి, ఖాళీ షెల్స్ తీసెయ్యండి. మళ్ళీ రెండు. ఆఖరి రెండు ఖాళీ షెల్స్ కూడా తీసి, తెరిచి కింద పెట్టాలి. స్టేజ్ అయిపోయిందన్న సంతోషంలో వాటిని అందులోనే వదిలేస్తే 10 సెకన్లు.

ఎప్పుడూ మారనిది 170 డిగ్రీల నియమం. ఎదురుగా రేంజ్ వైపు చూస్తూ ఎడమకి 85, కుడికి 85 డిగ్రీల లోపలే తుపాకి మూతి ఉండాలి. కుడిచేతివాటం వాళ్ళు రైఫిల్ పట్టుకుని ఎడమకి కదిలేటప్పుడు గీత దాటడం ఎక్కువ. మూతిని ఎదురుగానే ఉంచి, శరీరాన్ని దాని వెనక కదిలించండి.

9. పెనాల్టీలు: దేనికి ఎంత

- తగలకపోతే: ఒక్కోదానికి 5 సెకన్లు
- వరస తప్పితే, ప్రొసీజరల్: 10 సెకన్లు, స్టేజ్‌కి ఒక్కసారే
- చిన్న భద్రతా లోపం: 10 సెకన్లు
- లాభం కోసం కావాలని నియమం పక్కన పెడితే, స్పిరిట్ ఆఫ్ ది గేమ్: 30 సెకన్లు
- 170 దాటినా, ఖాళీ తుపాకి చేజారినా, ఖాళీ తుపాకి మూతి మనిషి మీదుగా ఊడ్చినా: ఆ స్టేజ్ నుంచి డిస్‌క్వాలిఫై
- తూటా ఉన్న తుపాకి చేజారినా, మనిషి మీదుగా ఊడ్చినా: మ్యాచ్ నుంచే డిస్‌క్వాలిఫై
- పొరపాటున పేలిన గుండు మీకు 5 నుంచి 10 అడుగుల మధ్య తగిలితే స్టేజ్, 5 అడుగుల లోపలైతే మ్యాచ్
- రెండు స్టేజ్ డిస్‌క్వాలిఫై అయితే మ్యాచ్ కూడా పోతుంది

లెక్క ఇలా ఉంటుంది. టైమర్ 58.40 చూపించింది. రెండు తగల్లేదు, వరస ఒకసారి తప్పింది. 58.40కి 10, ఇంకో 10 కలిపితే 78.40.

అందరూ తికమకపడేది మిస్‌కీ ప్రొసీజరల్‌కీ తేడా. రివాల్వర్ టార్గెట్లలో రెండోదాన్ని కొట్టాల్సింది మూడోదాన్ని కొట్టారనుకోండి. తగిలింది రివాల్వర్ టార్గెట్‌కే కాబట్టి అది మిస్ కాదు, వరస తప్పింది కాబట్టి ప్రొసీజరల్. రెండోదానికి గురిపెడితే తగలకుండా పోయిందా, అది మిస్ మాత్రమే. మిస్ వల్ల ప్రొసీజరల్ రాదు.

మిస్‌లు లెక్కపెట్టేది ముగ్గురు స్పాటర్లు. ఇద్దరు ఒప్పుకుంటేనే మిస్. సందేహం ఉంటే షూటర్ పక్షానే నిర్ణయం. మీరు స్పాటర్‌గా నిలబడ్డప్పుడు కూడా ఇదే పాటించండి: తగల్లేదని ఖాయంగా తెలిస్తేనే వేలెత్తాలి, అనుమానమైతే తగిలినట్టే.

10. మధ్యలో ఏదైనా తేడా వస్తే

*వరస మర్చిపోయారు.* ఆగి ఆలోచించకండి. ప్రొసీజరల్ స్టేజ్‌కి ఒక్కటే, పదే సెకన్లు. ఆ టార్గెట్లలోనే ఏదో ఒకదాన్ని కొడుతూ మిగతావి కాల్చెయ్యండి.

*రైఫిల్ నుంచి కాల్చని తూటా బయటపడింది.* బెల్టులో ఇంకోటి ఉంటే తెరిచిన పై భాగం నుంచి ఎక్కించి కాల్చొచ్చు. అలవాటు లేనివాళ్ళకి ఐదు సెకన్లకంటే ఎక్కువే పడుతుంది. మిస్ ఒప్పుకుని ముందుకెళ్ళండి.

*పేలుడు చప్పుడు మెత్తగా, "పుట్" మని వచ్చింది.* వెంటనే ఆగండి. బుల్లెట్ గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు. తర్వాతి తూటా కాలిస్తే గొట్టం చీలుతుంది. తక్కువ పౌడర్‌తో సొంతంగా తూటాలు చేసుకునేవాళ్ళకి ఇది ఎక్కువగా వస్తుంది. తుపాకిని టైమర్ ఆపరేటర్‌కి చూపించి ఇచ్చెయ్యండి. అందులో మిగిలినవి మిస్‌లు అవుతాయి, మిగతా తుపాకులతో స్టేజ్ పూర్తిచెయ్యండి.

*తుపాకి చేజారింది.* తియ్యకండి! వంగకండి, పట్టుకోబోకండి. పడే తుపాకిని పట్టుకోబోతే వేలు ట్రిగ్గర్ మీదే పడుతుంది. రేంజ్ ఆఫీసర్ తీసి, ఖాళీ చేసి, మీ చేతికి ఇస్తాడు.

*టైమర్ ఆపరేటర్ "రైఫిల్!" అని అరిచాడు.* మీరు ఏదో వదిలేశారని అర్థం. తర్వాతి తుపాకి కాల్చకముందే వెనక్కి వెళ్ళి సరిచేసుకోండి.

తుపాకి మొరాయించినందుకు మళ్ళీ ఆడనివ్వరు. టైమర్ పనిచెయ్యకపోతేనో, రేంజ్ సామాను పాడైతేనో రీషూట్ ఇస్తారు.

11. అన్‌లోడింగ్ టేబుల్, ఆ తర్వాత

కాల్చినవీ కాల్చనివీ అన్నీ ఇక్కడ ఖాళీ చేసి చూపించాలి. రివాల్వర్ సిలిండర్ ఒక్కో గదీ తిప్పి, ఆఫీసర్ చూశాకే హోల్‌స్టర్‌లోకి. పొడుగు తుపాకులు తెరిచే ఉంచి, మూతి పైకి పెట్టి తుపాకులు మోసే తోపుడు బండిలో పెట్టుకోవాలి. ఆ రోజు ఆట ముగిసి తుపాకులు లోపల పెట్టేదాకా మందు ముట్టకూడదు.

అన్నం తినేముందు చేతులు, ముఖం సబ్బుతో, చన్నీళ్ళతో కడగండి. సీసం ధూళి చేతులకీ బట్టలకీ పడుతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ బట్టలు విడిగా ఉతకండి, బూట్లు గరాజ్‌లోనే వదలండి.

మ్యాచ్ ముందు రాత్రి నేను సరిచూసుకునేవి:

- తుపాకులు నాలుగూ ఖాళీగా, తాళం వేసిన పెట్టెల్లో
- .38 తూటాలు 150, షెల్స్ 50, విడి డబ్బాల్లో
- కళ్ళద్దాలు రెండు జతలు, ఇయర్‌మఫ్‌లు
- బెల్టు, హోల్‌స్టర్లు, టోపీ, పొడుగు చేతుల చొక్కా
- ఇరుక్కున్న బుల్లెట్ తియ్యడానికి ఇత్తడి కడ్డీ, చిన్న సుత్తి
- నీళ్ళు, పెరుగన్నం డబ్బా
- చిన్న నోట్‌బుక్

ఆ నోట్‌బుక్‌లో ప్రతి స్టేజ్ తర్వాత మూడు మాటలు రాస్తాను: ఏ తుపాకి, ఏ పెనాల్టీ, కాల్చేటప్పుడా కింద పెట్టేటప్పుడా. నాలుగు మ్యాచ్‌లు రాశాక చూస్తే ఇంట్లో ఏది సాధన చెయ్యాలో తెలిసిపోయింది. ఇప్పుడు వారానికి మూడు సాయంత్రాలు, తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తాళం వేసి, ఖాళీ రైఫిల్‌తో లివర్ లాగడం, లోపలికి చూడటం, తెరిచి బల్ల మీద పెట్టడం ఇరవైసార్లు చేస్తాను.